బలిపీఠం ముందు ఇచ్చిన మాట

శుక్రవారం మధ్యాహ్నం తలకు నల్ల వస్త్రం చుట్టుకుని, అమెరికాలోని సియాటిల్ నగరంలో ఫస్ట్ హిల్ మీది అల్ ఇస్లామ్ సెంటర్‌లో ఆమె నమాజుకు నిలబడేవారు. ఆదివారం ఉదయం తెల్ల కాలర్ పెట్టుకుని ఎపిస్కోపల్ గురువుగా చర్చికి వెళ్లేవారు. 2007 జూన్‌లో ఆన్ హోమ్స్ రెడ్డింగ్ ఈ సంగతిని నలుగురికీ తెలిసేలా చెప్పారు: తాను క్రైస్తవురాలు, ముస్లిం కూడా. అప్పటికి ఆమె గురువై ఇరవై ఏళ్లు దాటింది. సెయింట్ మార్క్స్ కెథీడ్రల్‌లో విశ్వాస శిక్షణ విభాగాన్ని నడిపించారు. న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో కొత్త నిబంధన మీద డాక్టరేట్ చేశారు. తాను పలికిన మాట బరువెంతో ఆమెకు తెలియకపోవడం అసాధ్యం.

ఆమె కథ చదివిన నాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మనిషి రెండు గుడుల్లో దండం పెట్టుకోవచ్చా అనే సందేహం నాకు ఎన్నడూ లేదు. పీర్ల పండగ చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఆ సందేహం రాదు. కానీ ఒక మతానికి గురువుగా నిలబడి, పదిమంది తరఫున దేవుడి ముందు నోరు విప్పే మనిషి, ఇంకో మతానికి కూడా అదే నోటితో సాక్ష్యం పలకవచ్చా? ఇది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపి చూసినందువల్లే ఆమెను మెచ్చుకున్నవాళ్లూ, తిట్టినవాళ్లూ అసలు విషయాన్ని దాటేసి వెళ్లారని నా నమ్మకం.

ముందు ఆమె నడిచిన దారి చెప్పుకోవాలి. ఆమె తండ్రి లూయిస్ రెడ్డింగ్ నల్లజాతి హక్కుల కోసం పోరాడిన న్యాయవాది. బడుల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన చరిత్రాత్మక తీర్పులో కలిసిన కేసుల్లో డెలావేర్ రాష్ట్రపు కేసును వాదించినవాడు. గీతలు గీసి మనుషుల్ని ఇటూ అటూ నిలబెట్టే వ్యవస్థను ఎదిరించిన ఇంట్లో పుట్టిన బిడ్డ ఆమె. కెథీడ్రల్‌కు వచ్చి ఇస్లాం గురించి మాట్లాడిన ఒక ముస్లిం పెద్ద, మాట ముగించి అక్కడే నమాజు చేశాడు. మోకాళ్ల మీద వాలి, నుదురు నేలకు ఆనించిన ఆ మనిషిలో ఒళ్లంతా దేవుడికి ఒప్పజెప్పుకోవడం ఆమెకు కనిపించింది. ఆ తర్వాత తల్లి పోయింది. ఆ దుఃఖంలో ఒక పిలుపు వినిపించిందనీ, దాన్ని కాదనే శక్తి తనకు లేకపోయిందనీ ఆమె చెప్పుకున్నారు. 2006 మార్చిలో ఇస్లాం స్వీకరిస్తూ పలికే సాక్ష్యం, కలిమా చదివారు. రోజుకు ఐదు పూటలా నమాజు మొదలుపెట్టారు. క్రీస్తును మాత్రం వదల్లేదు. వదలాల్సిన అవసరమే ఆమెకు తోచలేదు.

ఇందులో నాటకం లేదు, లాభాపేక్ష లేదు. గురుత్వానికే ముప్పు ఉన్నా దాచుకోని మనిషి ముందు నేను మొదట తల వంచుతాను. తర్వాతే వాదిస్తాను.

ఎపిస్కోపల్ చర్చి అంటే అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ. 1947లో ఏర్పడిన మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కూడా ఆ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలోదే. సియాటిల్ బిషప్ విన్సెంట్ వార్నర్ ఆమెను ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకున్నారు. రెండు మతాల మధ్య మాటామంతీకి ఇది దారి తెరుస్తుందని సంతోషించారు కూడా. కానీ ఆమె గురుత్వం రికార్డుల ప్రకారం రోడ్ ఐలాండ్ డయాసిస్ కిందిది. అక్కడి బిషప్ జెరలిన్ వుల్ఫ్ 2007 జూలైలో ఆమెను ఏడాది పాటు గురువు విధుల నుంచి తప్పించి, ఆలోచించుకోమన్నారు. గడువు తర్వాత కూడా రెడ్డింగ్ మాట మారలేదు. ఇస్లామైనా విడవండి, గురుత్వమైనా విడవండి అని వుల్ఫ్ మరో గడువు ఇచ్చారు. ఆమె దేన్నీ విడవలేదు. 2009 ఏప్రిల్ 1న గురుత్వం నుంచి తొలగించారు.

తొలగించిన బిషప్ వుల్ఫ్ యూదుల ఇంట పుట్టి, పెద్దయ్యాక క్రైస్తవంలోకి వచ్చిన స్త్రీ. ఒక మతం గడప దాటి ఇంకో మతంలోకి అడుగుపెట్టడానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆమెకు సొంత బతుకులో తెలుసు. రెడ్డింగ్ నిజాయితీని ఆమె ఒక్కసారి కూడా శంకించలేదు. పైగా గొప్ప చిత్తశుద్ధి గల మనిషి అని చెప్పారు. అయినా చర్చి గురువు ఒకే సమయంలో క్రైస్తవమూ ఇస్లామూ రెండూ అవలంబించడం కుదరదన్నారు. నాకు ఈ మాటలో కాఠిన్యం కనిపించదు. ఎదుటి మనిషిని గౌరవిస్తూనే లేదు అని చెప్పడం ఎంత కష్టమో కనిపిస్తుంది.

ఎందుకు కుదరదు? ఏసు అనే మనిషి దగ్గరే రెండు దారులూ కలుస్తాయి, అక్కడే విడిపోతాయి. ఖురాన్‌కు ఆయన పరాయివాడు కాడు. కన్య మర్యమ్ కడుపున పుట్టినవాడు, మసీహ్ (మెస్సీయ), రోగులను బాగుచేసినవాడు. 19వ సూరాకు, అంటే అధ్యాయానికి, ఆ తల్లి పేరే ఉంది. కానీ 4వ సూరా ఆయన్ని సిలువ వేయలేదంటుంది. 112వ సూరా దేవుడు ఎవరినీ కనలేదనీ, ఎవరికీ పుట్టలేదనీ చెబుతుంది. ఇటు క్రైస్తవం చూస్తే, క్రీ.శ. 325లో నైసియా సభ నిశ్చయించిన విశ్వాస ప్రమాణం ఏసు దేవుని కుమారుడనీ, తండ్రితో ఏక స్వభావం గలవాడనీ ప్రకటిస్తుంది. ఆ పునాది మీద రూపుదిద్దుకున్న నైసియా విశ్వాస ప్రమాణంలో సిలువ మరణమూ పునరుత్థానమూ ఉన్నాయి. ఆదివారం ఆరాధనలో సంఘమంతా లేచి నిలబడి చెప్పే మాటలవి. శుక్రవారం ఒప్పుకున్న మాటా, ఆదివారం ఒప్పుకున్న మాటా ఒక్క వ్యక్తి గురించే. రెండూ ఒకటి కావు.

రెడ్డింగ్ దీనికి ఒక జవాబు ఇచ్చారు. త్రిత్వం దేవుడి గురించి మనుషులు చేసుకున్న ఒక ఊహ, దాన్ని అక్షరాలా తీసుకోనక్కర్లేదన్నారు. మనుషులందరూ దేవుని బిడ్డలైనట్టే ఏసూ దేవుని కుమారుడనీ, అందరికంటే ఎక్కువగా దైవంతో నిండినవాడు కావడమే ఆయన ప్రత్యేకత అనీ వివరించారు. నేను నల్లజాతి అమెరికన్‌నీ స్త్రీనీ ఎలాగో, క్రైస్తవురాలినీ ముస్లింనీ అలాగే అని కూడా అన్నారు.

ఆ పోలిక దగ్గరే నా మనసు ఒప్పుకోదు. జాతీ స్త్రీత్వమూ పుట్టుకతో వచ్చినవి. ఒకటి చెప్పేదాన్ని ఇంకొకటి కాదనదు. మతంలో గురుత్వం పుట్టుకతో రాదు. అది నోటితో పలికి, పదిమంది ఎదుట ఇచ్చిన మాట. ఎపిస్కోపల్ చర్చిలో గురువయ్యే వ్యక్తి, ఆ చర్చి స్వీకరించిన క్రీస్తు బోధకూ క్రమశిక్షణకూ ఆరాధనకూ కట్టుబడి ఉంటానని ప్రమాణం చేస్తారు. ఆ మాట విన్నాకే బిషప్ తల మీద చేతులుంచుతారు. ఆ మాట నమ్మే తల్లిదండ్రులు తమ పసిబిడ్డను బాప్తిస్మానికి ఆ చేతుల్లో పెడతారు.

ఇంకో సంగతి. ఏసు ఒక్కడే దైవమన్న భావాన్ని అందరిలోనూ ఉన్న దైవత్వంగా విస్తరించినప్పుడు, ఆమె రెండు మతాలను పక్కపక్కన నిలబెట్టలేదు. ఒకదాన్ని సడలించి రెండోదానికి చోటు చేశారు. సిలువ గురించి రెండు గ్రంథాలు రెండు రకాలుగా చెబుతున్నాయన్న చిక్కు దీనితో విడిపోలేదు, పక్కకు జరిగింది. ఇస్లాంను అంత గాఢంగా ప్రేమించిన పండితురాలు, ఆ రెండు సాక్ష్యాల మధ్య ఉన్న నొప్పిని నొప్పిగానే ఉంచి మోసి ఉంటే నేను ఇంకా ఎక్కువ గౌరవించేవాణ్ణి.

గురువు మాటకు అంత విలువెందుకో నాకు పుస్తకాలు నేర్పలేదు. మా ఊళ్లో క్రైస్తవుల సమాధుల తోట చెరువుగట్టు పక్కన ఉండేది. పెళ్లయి ఏడాది కూడా తిరగని కొడుకును పూడ్చిన రోజున ఒక తల్లి ఆ మట్టిలో కూర్చుని లేవలేదు. పాస్టర్ అయ్యగారు ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ప్రభువు లేచాడమ్మా, నీ కొడుకూ లేస్తాడు అన్నారు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేచింది. ఆ వేళ ఆమెకు కావాల్సింది తులనాత్మక అధ్యయనం కాదు. ఆ మాట అనే మనిషి దాన్ని అక్షరాలా నమ్ముతున్నాడన్న ధైర్యం. సిలువ మీద ఏసు చనిపోయాడా లేదా అన్నదాని మీద గురువు మనసులో రెండు సాక్ష్యాలుంటే, ఆ తల్లి ఏ చెయ్యి పట్టుకుని లేవాలి? గురువు నమ్మకం గురువు సొంత ఆస్తి కాదు, సంఘం ఆయన దగ్గర దాచుకున్న సొమ్ము అని నేను అనుకునేది ఇందుకే.

ఇలాంటి ప్రేమకు ఇంకో దారి లేదా అంటే ఉంది. ఆ దారిలో నడిచినవాడు లూయీ మాసినోన్ అనే ఫ్రెంచి పండితుడు. 1908లో ఇరాక్‌లో గూఢచారి అన్న అనుమానంతో పట్టుబడి, చావు అంచుదాకా వెళ్లిన ఆ యువకుణ్ణి బాగ్దాద్‌లోని ఆలూసీ అనే ముస్లిం కుటుంబం ఆదుకుంది. పోగొట్టుకున్న దేవుణ్ణి ఆయన మళ్లీ కనుక్కున్నది ఆ రోజుల్లోనే. ముస్లింల ఆతిథ్యం, వాళ్ల ప్రార్థనలు తనను మళ్లీ కేథలిక్‌ను చేశాయని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. బాగ్దాద్‌లో 922లో మరణశిక్షకు గురైన సూఫీ హల్లాజ్ మీద ఆయన రాసిన బృహద్గ్రంథం 1922లో వచ్చింది.

1934లో ఈజిప్టులోని డమియెట్టాలో ఆయన, మేరీ కహీల్ అనే క్రైస్తవ మహిళ కలిసి ఒక మొక్కు మొక్కుకున్నారు. ముస్లిం సోదరుల కోసం, వాళ్ల స్థానంలో తాము నిలబడి ప్రార్థిస్తామన్నది ఆ మొక్కు. 1219లో ఆ డమియెట్టా దగ్గరే, క్రూసేడు యుద్ధం నడుస్తుండగా, క్రైస్తవ సాధువు అసిసీ ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా సుల్తాన్ అల్ కామిల్ గుడారానికి వెళ్లి మాట్లాడాడు. 1950లో మాసినోన్ కైరోలో మెల్కైట్ గ్రీక్ కేథలిక్ చర్చిలో గురువయ్యాడు. పెళ్లయినవాళ్లకు గురుత్వం ఇచ్చే సంప్రదాయమూ, అరబ్బీలో పూజ చేసుకునే అవకాశమూ ఆ చర్చిలో ఉన్నాయి. అల్లాహ్ అని ముస్లింలు పిలిచే దేవుణ్ణి అదే పేరుతో పిలుస్తూ ఆయన పూజ చేసుకున్నాడు.

ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో వియూ మార్షే అనే పల్లె ఉంది. గుహలో ఏళ్ల తరబడి నిద్రించి లేచిన ఏడుగురు యువకుల పేరిట అక్కడొక పాత చర్చి. ఆ యువకుల కథే ఖురాన్ 18వ సూరాలోనూ ఉంది. అక్కడి పాత తీర్థయాత్రకు 1954 నుంచి మాసినోన్ ముస్లింలను కూడా పిలిచాడు. అది అల్జీరియా యుద్ధం మొదలైన ఏడాది. అరబ్బు అంటేనే ఫ్రాన్స్‌లో అనుమానంగా చూస్తున్న కాలం. 1962లో ఆయన పోయాక కూడా ఆ యాత్ర సాగింది.

ఇస్లాంను ఇంతకంటే దగ్గరగా ప్రేమించిన క్రైస్తవ గురువు ఇంకొకరు నాకు తెలియదు. అయినా ఆయన కలిమా చదవలేదు. ఆ ప్రేమ కొరవడి కాదు. ముస్లింల ఇంట అతిథిగా ప్రాణం నిలుపుకున్నవాడు, ఆ ఇంటికి అతిథిగానే కడదాకా రుణపడి ఉండాలనుకున్నాడు. ఎదుటివారి విశ్వాసాన్ని తన విశ్వాసంలో కరిగించుకోకుండా, అది తనది కాదన్న దూరాన్ని కూడా గౌరవించాడు. ప్రేమకు సభ్యత్వం అక్కర్లేదని ఆయన బతుకు నాకు చెబుతుంది.

మన నేల మీదా అలాంటివాళ్లున్నారు. కోస్తా ఆంధ్రకు చెందిన కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనమైందని నమ్మి, ఆ పేరుతోనే జనం మధ్య బతికాడు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు, ఏ చర్చిలోనూ చేరలేదు. ఆయన చెప్పిన వాటితో ఏకీభవించడం, విభేదించడం వేరే సంగతి; ఏ చర్చికీ మాట ఇవ్వలేదు కాబట్టి ఆయన తప్పిన మాటంటూ లేదు. మనకు దూరంగా, నైజీరియాలోని లాగోస్‌లో బైబిల్‌నూ ఖురాన్‌నూ రెంటినీ చేతబట్టి బోధించే సమాజాలు కొన్ని వెలిశాయి. యొరుబా కుటుంబాల్లో అన్న క్రైస్తవుడు, తమ్ముడు ముస్లిం కావడం మామూలే కాబట్టి అక్కడ అలాంటి ప్రయత్నం పుట్టడం సహజం. వాళ్లు పెట్టుకున్నది కొత్త గుంపు. అందులో చేరేవాళ్లకు ఏం వింటారో ముందే తెలుసు.

ఇక భక్తుల సంగతి. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వెళ్తారు. వాళ్ల నమ్మకంలో ఆయన భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, ఆయన తమ ఇంటి అల్లుడు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి అన్ని మతాలవాళ్లూ కోర్కెల రొట్టెలు మార్చుకుంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీరు ముందు ఎవరింటి పేరేమిటని అడిగే నాథుడు లేడు. ముస్లిం కుటుంబమే లేని ఊళ్లో కూడా పీర్ల చావిడి ఉంటుంది, పీరునెత్తే భుజాలుంటాయి. ఇక్కడెవరినీ నువ్వేం నమ్ముతావని నిలదీయరు. మొక్కు తీర్చుకున్నావా, లేదా? అంతే. ఈ ఔదార్యం మీద నాకున్న ప్రేమ మాటల్లో చెప్పలేను. ఇవాళ దీన్ని తుడిచేయాలని చూసేవాళ్లు అన్ని వైపులా ఉన్నారు కనుక, గొంతెత్తి మరీ చెప్పుకోవాలి. అయితే ఈ ఔదార్యాన్ని చూపించి, గురువు కూడా ఇలాగే ఉండొచ్చు కదా అనడం నాకు సరిగా తోచదు. మొక్కుకునేవాడు తన కష్టంతో వస్తాడు. గురువు ఇతరుల కష్టాన్ని ఎత్తుకుని నిలబడతాడు.

డోర్నకల్ కెథీడ్రల్ చూడండి. భారతదేశపు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించిన ఆ చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాల్లో మసీదు కళ, స్తంభాల్లో గుడి శిల్పం కలిసి కనిపిస్తాయి. పక్కవాడి కళలోని అందాన్ని తన ఆరాధనలోకి తెచ్చుకోవడానికి ఆయన సంకోచించలేదు. అదే అజరయ్య, మతం మార్పిడి విషయంలో గాంధీతోనే విభేదించినవాడు; తాను క్రీస్తుకు ఇచ్చిన మాటలో వెంట్రుకవాసి సడలింపు ఒప్పుకోనివాడు. చేతులు చాచడానికీ, మాట నిలుపుకోవడానికీ విరోధం లేదని ఆ కట్టడం నాకు గట్టిగా చెబుతుంది.

ఇదంతా చెప్పాక కూడా రెండు మతాల పేర్లతో బతికే తెలుగువాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే ఉన్నారు. చర్చికి వెళ్లే మాల మాదిగల బిడ్డ కాగితం మీద క్రైస్తవుడని రాసుకుంటే బీసీ సీ కిందికి వెళ్తాడు, ఎస్సీ హక్కు పోతుంది. వాడలో, బావి దగ్గర, అద్దె ఇంటి గుమ్మంలో కులం మాత్రం పోదు. అందువల్ల ఎన్నో ఇళ్లలో కాగితానికి ఒక మతం, ఆదివారానికి ఇంకో మతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టర్‌గా ఉన్న ఒక వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు ఇచ్చింది. రెడ్డింగ్ రెండు పేర్లనూ తానుగా ఎంచుకుని ప్రకటించారు. వీళ్ల మీద రెండు పేర్లను చట్టం రుద్దింది, పైగా నోరు విప్పొద్దంది. వీళ్లను ద్వంద్వ జీవితమని వేలెత్తి చూపేవాళ్లు ముందు ఆ ఉత్తర్వును చదవాలి. మాట తప్పడం అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చిన మాటను తప్పడం. ఆకలి, భయం పలికించిన దాన్ని మాట అనలేం.

కాబట్టి నా తీర్పు ఇది. బిషప్ వుల్ఫ్ చేసింది న్యాయం. బలిపీఠం సంఘానిది, అక్కడ నిలబడేవారు సంఘానికి ఇచ్చిన మాట మారితే, ఆ చోటు ఖాళీ చేయాలి. తన పిలుపు నిజమని అంత గట్టిగా నమ్మిన రెడ్డింగ్ తానే ముందుగా ఆ బాధ్యతను తిరిగి ఒప్పజెప్పి ఉంటే, ఆ పిలుపు ఇంకా బలంగా వినపడేదని నా నమ్మకం.

అయితే గురుత్వం తీసేసినంత మాత్రాన చర్చి పని అయిపోలేదు. బలిపీఠం దగ్గర చోటు లేని మనిషికి చర్చిలో ఎక్కడా చోటు లేదన్నట్టు ప్రవర్తిస్తే, అప్పుడు తప్పు చర్చిదే. రెండు గ్రంథాలనూ లోతుగా చదివి, రెండు భాషల ప్రార్థననూ ఒంట్లోకి తెచ్చుకున్న మనిషి ఏ సంఘానికైనా అరుదు. 2009లోనే ఆమె జమాల్ రహ్మాన్, కాథ్లీన్ ష్మిట్ ఎలియాస్‌లతో కలిసి ఖురాన్ మీద, యూదు క్రైస్తవ మూలాలను కలుపుకుని ఒక పుస్తకం తెచ్చారు. అలాంటి మనిషిని బడిలో కూర్చోబెట్టి పాఠం చెప్పించుకోవచ్చు, బెంచీల మీద పక్కన కూర్చుని వినవచ్చు, ఆమెతో వాదించవచ్చు. క్రైస్తవానికీ ఇస్లాంకీ మధ్య పగ పెంచి బతికేవాళ్లు లోకంలో ఎంతమందో ఉన్నారు. ఆ రెంటి మధ్య నిలబడి నొప్పి పడ్డవాళ్లు కొద్దిమందే. వాళ్లకు పీఠం ఇవ్వలేకపోవచ్చు. తలుపు మాత్రం తెరిచే ఉంచాలి, ఏ మతమైనా సరే.